దుప్పటికి అవతలి కొస

3, సోమవారం

కొత్త డైరీ. పాతది వాషింగ్ మెషీన్లో పరమపదించింది. ప్యాంటు జేబులో మరిచిపోయి నేనే వేశాను. లాండ్రీలో పనిచేసేవాడి డైరీకి ఇంతకన్నా గౌరవప్రదమైన మరణం ఉండదు.

ఈ రోజు విజయం: ఉదయం వ్యాన్లో ఆస్పత్రికి వెళ్లాను. వార్డు సిస్టరు రెండు గౌన్లు ఎత్తి చూపించి, "నాడాలు తెగిపోతున్నాయి, మీవాళ్లకి చెప్పండి" అంది. "మీ పేషెంట్లు బలం పుంజుకుంటున్నారు సిస్టర్. వైద్యం బాగా పనిచేస్తోంది" అన్నాను. నవ్వు ఆపుకోలేక ఆవిడ ఆ గౌనునే మూతికి అడ్డం పెట్టుకుంది. సమస్య పరిష్కారమైంది. ఖాతాదార్లతో మాట్లాడే నా పనికి "బయటి మాట" అని పేరు పెట్టింది ఊరికే కాదు.

పద్నాలుగో తేదీ సభ. పాత డైరీకి ఇవన్నీ తెలుసు, దీనికి మొదటి నుంచీ చెప్పుకోవాలి. మా లాండ్రీకి యజమాని లేడు. ఉన్నాయన వయసు మళ్లి మాకే వదిలేసి వెళ్లాక, పనిచేసేవాళ్లమే నడుపుకుంటున్నాం. ఏ పని ఉండాలి, ఏది పోవాలి అన్నది నెలకోసారి సభలో తేల్చుకుంటాం. ఓట్లు లేవు. ఒకరు ప్రతిపాదన చెబుతారు, మిగతావాళ్లని వరసగా అడుగుతారు: అభ్యంతరం ఉందా? ఉందంటే దానివల్ల లాండ్రీకి ఏం నష్టమో చెప్పాలి. అలాంటి అభ్యంతరం ఒక్కటి నిలబడినా ప్రతిపాదన ఆగిపోతుంది. నాకు నచ్చలేదు, నా కడుపు మండింది లాంటివి చెల్లవు.

అసలు మజా సభకు ముందు ఉంటుంది. ఏ ప్రతిపాదన అయినా ముందు దుప్పటి మీద నడవాలి. చెప్పదలుచుకున్న మనిషి ఒక కొస పట్టుకుని, ఇంకొకరికి అవతలి కొస ఇచ్చి, ఇద్దరూ మడత పెడుతూ మాట్లాడుకోవాలి. పని గురించే తప్ప మనిషి పేరు ఎత్తకూడదు. అవతలివాడు ఆ ప్రతిపాదనని చీల్చి చెండాడాలి. దుప్పటి ముడుచుకునేసరికి మాట గట్టిపడాలి. ఆ అవతలి కొస పట్టినవాడు ఇక సభలో నోరెత్తకూడదు. అనాల్సింది అక్కడే అనేయాలి కదా. తన వంతు వచ్చినప్పుడు లేచి, "అవతలి కొస నాది" అని చెప్పి కూర్చోవాలి.

ఈ నియమం రాసింది నేను. ఆ చివరి వాక్యం కూడా నాదే. శాసనంలా ఉంటుందని పెట్టాను.

4, మంగళవారం

స్టోరు పెద్దాయనతో నేటి యుద్ధం. సబ్బు ద్రావకం డబ్బా కావాలని ఉతుకు విభాగం వాళ్లు నన్ను పంపారు.

"నిన్నటి డబ్బాకి మూత పెట్టావా?"

"పెట్టాను."

"ఏ మూత?"

"దాని మూతే పెద్దాయనా. నా తల మీది మూత కాదు."

"తలకి కూడా ఒకటి ఉంటే బాగుండేది నీకు."

ఇలా ఒక డబ్బా కోసం అరగంట. అందుకే ఆయన్ని మూత పెద్దాయన అంటాం. సబ్బుకీ మెషీన్లకీ మధ్య ఈ మనిషి అవసరమా అని ఎవరైనా సభలో అడిగితే బాగుండు. నేనైతే అడగను. నాకు పెద్దలంటే గౌరవం.

5, బుధవారం

వదిన ఉదయం కాఫీ ఇస్తూ, "సభకి ఒక మాట తేవాలనుకుంటున్నా. దుప్పటి పడతావా?" అంది.

వదిన మా అన్న భార్య. మా లాండ్రీలో ఇస్త్రీ విభాగానికి పెద్ద. డిగ్రీ చేతికొచ్చాక నేను ఇంట్లో సోఫాకి కవరులా పడి ఉన్న రోజుల్లో, సభలో లేచి "మా మరిది మాటకారి, ఖాతాదార్లతో మాట్లాడే పని ఒకటి పెడదాం" అన్న మహాతల్లి. బయటి మాట అనే పని పుట్టింది ఆవిడ నోటి నుంచే. నాకు వ్యాన్లో ముందు సీటు, హోటళ్లలో ఉచిత టీ, రిసెప్షనులో "రండి సార్" అనే పిలుపు, అన్నీ ఆవిడ చలవే.

లాండ్రీలో ఇంతమంది ఉండగా నన్నే అడిగింది. "మరిదిగారి మీద అంత నమ్మకమా?" అన్నాను.

"నువ్వు పట్టుకుంటే మాట నిలబడుతుంది" అంది.

రోజంతా ఈల వేస్తూనే ఉన్నాను.

6, గురువారం

హోటలువాళ్ల పెద్ద దుప్పటి. వదిన ఇవతల, నేను అవతల.

"చెప్పు వదినా. ఏమిటి తమరి బాధ?"

"ఒక పని ఉంది. రెండిటి మధ్యలో కూర్చుంది. ఏదైనా దాని గుండానే పోవాలి. పోతున్నట్టు కనిపిస్తుంది గానీ పోవట్లేదు."

నాకు వెంటనే వెలిగింది. సబ్బు ఇటు, మెషీన్లు అటు, మధ్యలో మూత. అవతలి కొస పట్టినవాడు ఉదాహరణ అడగాలి అసలు. నాకు అవసరం లేకపోయింది.

"ఆ పని తీసేద్దాం అంటున్నా. ఎవరి సంగతి వాళ్లే నేరుగా చూసుకుంటారు" అంది వదిన.

"ఇలా అంటే పడిపోతుంది. ఎవరో ఒకరు లేచి, పాపం ఆ మనిషి మంచివాడు కదా అంటారు. అప్పుడేం చేస్తావ్?"

"ఏం చేయాలి?"

"ముందే ఆ దారి మూసెయ్. ఇలా చెప్పు: ఆ మనిషి మంచివాడే. ఆ మంచితనమే అడ్డం. ఆయన్ని చూసి మనం ఊరుకుంటున్నాం, అందుకే తప్పు తప్పుగానే ఉండిపోతోంది."

వదిన చేతులు ఆగాయి. దుప్పటి మధ్యలో ఉయ్యాలలా జారింది.

"మరీ గట్టిగా లేదూ?"

"గట్టిగానే ఉండాలి. మెత్తగా చెబితే ఇంకో ఏడాది భరించాలి. చివర్లో ఇది కూడా తగిలించు: మధ్యలో మనిషి లేకపోతే ఆగిపోయేదేమీ లేదు, ఉండబట్టే ఆగుతోంది."

ఆ వాక్యానికి నాకే ముచ్చటేసింది. రెండుసార్లు పలికి చూపించాను.

"మరి ఆ పని చేసే మనిషి?"

"మడత బల్లకి పంపిద్దాం. కూర్చుని మడతలు పెట్టుకుంటాడు. ఆ వయసుకి అదే హాయి."

"వయసుకా?"

"సభలో ఆయన ముఖం చూడాలని ఉంది వదినా. మూత ఊడిపోతుంది."

వదిన నా దగ్గరికి నడిచొచ్చి తన కొసలు నా కొసలకి కలిపింది. ఆ కలిపిన చోట రెండు చేతులూ ఉంచి, నావంక కాసేపు చూసింది.

"నీకు అభ్యంతరం ఏమీ లేదా? సరిగ్గా ఆలోచించుకో."

"లేదు. ఈ దుప్పట్లన్నీ సాక్షి."

"సరే" అంది. మడత బల్ల మీద పెట్టి, అరచేత్తో నొక్కి, వెళ్లిపోయింది.

7, శుక్రవారం

ఆస్పత్రి మూట ఈ వారం కూడా చిన్నదే. రోగులు తగ్గినట్టున్నారు. ఆరోగ్యకరమైన వార్త.

8, శనివారం

మూత పెద్దాయనకి టీ తెచ్చిచ్చాను. "ఏం కావాలి?" అన్నాడు అనుమానంగా. "ఏమీ వద్దు, ఊరికే" అన్నాను. జాలిపడటంలో ఒక సుఖం ఉంది.

10, సోమవారం

వ్యాను డ్రైవరు ఉదయం తాళం తిప్పుతూ మామూలుగా అడిగాడు: "గురూ, వచ్చే వారం నుంచి నీ సీట్లో బుట్టలు పెట్టుకోవచ్చా? వెనక చోటు చాలట్లేదు."

"నేనెక్కడ కూర్చుంటాను?"

వాడు తాళం వదిలేశాడు. "బోర్డు చూళ్లేదా నువ్వు?"

చూడలేదు. సభకి వచ్చే ప్రతిపాదనలు బాయిలరు గది పక్కన బోర్డు మీద సుద్దముక్కతో రాస్తారు. నేను దుప్పటి పట్టిన ప్రతిపాదన నాకు మళ్లీ చూడాల్సిన పనేముంది? వెళ్లి చూశాను.

"బయటి మాట అనే పని రద్దు. ఖాతాదార్ల ఫిర్యాదులు నేరుగా ఆయా విభాగాలకు."

కింద వదిన పేరు. దాని పక్కన, నియమం ప్రకారం, "అవతలి కొస:" అని రాసి నా పేరు.

ఈ రోజుకి ఇంతే.

10, సోమవారం, మళ్లీ

ఇంతే అని రాశాను గానీ ఇంకొకటి. వదిన చేతిరాత గుండ్రంగా, అందంగా ఉంటుంది. నా పేరులో దీర్ఘం ఎక్కడా తప్పలేదు.

11, మంగళవారం

భోజనాల దగ్గర అడిగాను. అన్న కూడా ఉన్నాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి కదా, మాటల మధ్య ఇరుక్కుంటే కదలకుండా కూర్చోవడం ఆయనకి బాగా తెలుసు.

"నేను పెద్దాయన గురించి అనుకున్నానని నీకు తెలుసా వదినా?"

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"వయసు అన్నావు చూడు, అప్పుడు."

"అప్పుడైనా చెప్పొచ్చు కదా."

"చెబితే నువ్వు నిజం చెప్పేవాడివి కాదు. జోకు చెప్పేవాడివి. నేనూ నవ్వేసి ఊరుకునేదాన్ని."

"ముందే నన్ను విడిగా పిలిచి అడగొచ్చు."

"ఎన్నిసార్లు అడిగానో నీకు గుర్తుందా?"

లేదు. అసలు అడిగిందని నేను ఒప్పుకోను. ఆస్పత్రి గురించి ఇంకేదో చెప్పింది, సిస్టరు బస్సులో కలిసిందని, నాడాలని. నేను వినలేదు. అన్న నీళ్ల గ్లాసు నా వైపు జరిపాడు. "తాగరా" అన్నాడు. మా అన్న జీవితంలో తీసుకున్న అతి పెద్ద పక్షం అది. ఎవరి పక్షమో మాత్రం తెలియలేదు.

నాకు బాధేం లేదు. పద్ధతి గురించే నా అభ్యంతరం. సొంత ఇంట్లో మనిషి, చేతిలో చెయ్యి వేసి, నా నోటితోనే నా మెడకి కొలతలు తీయించుకుంది. ఇది పద్ధతికి సంబంధించిన విషయం.

12, బుధవారం

నేను నోరెత్తకూడదు సరే, వేరేవాళ్లు ఎత్తొచ్చు. ఒక్కరు చాలు.

బాయిలరు అక్క దగ్గరికి వెళ్లాను. ఈ నెల సభ నడిపే వంతు ఆవిడది.

"అక్కా, మోసంతో పట్టించిన దుప్పటి చెల్లుతుందా?"

ఆవిడ ఆవిరి ముల్లు మీద నుంచి చూపు తిప్పకుండానే, "నీ చేతులు కట్టేసి పట్టించిందా తమ్ముడూ?" అంది.

"పేరు చెప్పలేదు."

"పేరు చెప్పకూడదని రాసిందెవరు?"

"నేనే."

"ఉదాహరణ అడగాలని రాసిందెవరు?"

"అక్కా, నేను సాయం అడగడానికి వచ్చాను. పరీక్ష రాయడానికి కాదు."

"రాసి ఉంటే ఫెయిలయ్యేవాడివి" అంది. అని, నా భుజం తట్టి, ఆ చేత్తోనే వాల్వు తిప్పింది. రెండూ ఒకేలా చేసింది.

ఉతుకు విభాగం వాళ్లంతా చాలా ప్రేమగా మాట్లాడారు. నేనంటే వాళ్లకి ఎంతో ఇష్టమట. నేనుంటే పొద్దు తెలియదట. "మరి అభ్యంతరం చెప్తారా?" అంటే ఒకేసారి అందరికీ మెషీన్ల చప్పుడులో చెవులు వినపడలేదు.

13, గురువారం

చివరికి మూత పెద్దాయన. ఎంత దూరం వచ్చానో చూడు డైరీ.

స్టోరు గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడాడు.

"నా పని పోతుందనుకున్నావంటగా."

"ఎవరన్నారు?"

"మడత బల్ల దగ్గర చెప్పుకున్న మాట బాయిలరుకి కూడా తెలుస్తుందిరా అబ్బాయ్. నా ముఖం చూడాలని ఉందన్నావంట. చూసుకో, ఇదిగో."

చూశాను. ప్రత్యేకంగా ఏమీ లేదు. గడ్డం సరిగ్గా గీసుకోలేదు.

"అందుకేనా శనివారం టీ తెచ్చావు? శవానికి పూలదండలాగ?"

"పెద్దాయనా, రేపు మీరు ఒక్క అభ్యంతరం చెబితే..."

"లాండ్రీకి ఏం నష్టమో చెప్పు. లేచి నిలబడి చెప్తా."

ఆలోచించాను. నిజంగా, ఇంతకు ముందెన్నడూ ఆలోచించనంతగా ఆలోచించాను. నేను లేకపోతే హోటలు మేనేజరు నవ్వడు. సిస్టరు నవ్వదు. డ్రైవరుకి దారిలో కాలక్షేపం ఉండదు.

"నవ్వించేవాడు ఉండడు" అన్నాను.

"అది నాకు లాభం" అన్నాడు పెద్దాయన. అయినా తలుపు మూస్తూ, "సరే, ఏదో ఒకటి అంటాలే" అన్నాడు.

ఆ "ఏదో ఒకటి" మీద ఆశ పెట్టుకుని ఈ రాత్రి నిద్రపోవాలి.

14, శుక్రవారం

సభ మడత బల్ల చుట్టూ జరుగుతుంది. వదిన నాకు ఎదురుగా కూర్చుంది. కాగితం చూడకుండా చెప్పింది.

"ఆస్పత్రి గౌన్ల నాడాలు మన ఇస్త్రీ ప్రెస్సు క్లిప్పులో పడి తెగుతున్నాయి. సిస్టరు బయటి మాటకి మూడు నెలలుగా చెబుతోందట. మాకు ఒక్కసారీ రాలేదు. వాళ్లు సగం బట్టలు వేరే లాండ్రీకి ఇచ్చేశారు. బస్సులో ఆవిడ కనిపించి చెప్పిన మర్నాడే మేం క్లిప్పు మార్చాం. గంట పని."

అందరూ నావంక చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డారు. నేను బల్ల మీది గీతలు లెక్కపెట్టే పనిలో ఉన్నాను.

తర్వాత నా వాక్యాలు వచ్చాయి. "ఆ మనిషి మంచివాడే. ఆ మంచితనమే అడ్డం. ఆయన్ని చూసి మనం ఊరుకుంటున్నాం, అందుకే తప్పు తప్పుగానే ఉండిపోతోంది." ఒక్క అక్షరం మార్చలేదు. మంచి గొంతు వదినది. నేను పలికినదానికన్నా బాగా పలికింది. "మధ్యలో మనిషి లేకపోతే ఆగిపోయేదేమీ లేదు, ఉండబట్టే ఆగుతోంది." ఉతుకు విభాగంలో ఎవరో "ఆహా" అన్నారు. ఒక్క క్షణం, సిగ్గులేకుండా, నాకు గర్వం వేసింది.

బాయిలరు అక్క వరసగా అడిగింది. లేదు. లేదు. లేదు. డ్రైవరు బుట్టలు తలుచుకుని లేదన్నాడు.

మూత పెద్దాయన లేచాడు. "నాకు అభ్యంతరం ఉంది."

నేను నిటారుగా కూర్చున్నాను.

"ఈ అబ్బాయి ఖాళీ అయ్యాక స్టోరుకి పంపుతారేమో. నాకొద్దు. వీడు మూతలు పెట్టడు."

అందరూ నవ్వారు. మా సభలో నా జోకు లేకుండా వచ్చిన మొదటి నవ్వు అది. "అది వేరే ప్రతిపాదన, కూర్చోండి పెద్దాయనా" అంది అక్క. ఆయన కూర్చుంటూ, మాట నిలబెట్టుకున్నా కదా అన్నట్టు నావంక తల ఊపాడు.

నా వంతు వచ్చింది. లేచాను. జోకు ఒకటి నోటిదాకా వచ్చింది. వదిన నా కళ్లలోకి చూస్తోంది. చెప్తాడని తెలుసు అన్నట్టు చూస్తోంది. దాంతో అది అక్కడే ఆగిపోయింది.

"అవతలి కొస నాది" అన్నాను.

శాసనంలా ఉంటుందని పెట్టాను. ఉంది.

15, శనివారం

వదిన చేసిన కాఫీ తాగలేదు. వాసన మాత్రం పీల్చాను.

16, ఆదివారం

అన్న వచ్చి నా మంచం చివర కూర్చున్నాడు. "నీ వదిన ఈ మూడు రోజులూ సరిగ్గా తినలేదురా" అన్నాడు.

"ఆకలి లేకపోతే అభ్యంతరం ఏముంది" అన్నాను.

నవ్వలేదు. లేచి వెళ్లిపోయాడు. మా ఇంట్లో నా ఖాతాదార్లు కూడా తగ్గుతున్నారు.

17, సోమవారం

మడత బల్ల దగ్గర మొదటి రోజు. దుప్పట్లు, దుప్పట్లు. మధ్యాహ్నం హోటలు మేనేజరు ఫోను చేశాడట, సరాసరి ఇస్త్రీ విభాగానికి. మాట అయిపోయిందట, పని కూడా అయిపోయిందట. నా గురించి అడిగాడా అని డ్రైవర్ని అడిగాను. "అడిగే ఉంటాడు గురూ" అన్నాడు, బుట్టల సందులోంచి.

వచ్చే సభకి ఒక ప్రతిపాదన తయారు చేశాను: ఇస్త్రీ విభాగానికి పెద్ద అనే పని అక్కర్లేదు. ఎవరి మెషీను వాళ్లే చూసుకోవచ్చు. చాలా లోతుగా ఆలోచించాను, ఇందులో నా సొంత కోపం చుక్క కూడా లేదు. లాండ్రీ మేలు కోసమే. ఆ మనిషి మంచివాడే, ఆ మంచితనమే అడ్డం అనే వాక్యం ఎలాగూ నాదే, మళ్లీ వాడుకోవచ్చు.

దుప్పటి ఎవరితో పట్టించాలో నిర్ణయించుకున్నాను. అవతలి కొస పట్టినవాళ్లు సభలో నోరెత్తకూడదు కదా.

18, మంగళవారం

సాయంత్రం అందరూ వెళ్లాక వదిన ప్రెస్సు చల్లారేదాకా ఆగింది. హోటలు దుప్పటి ఒకటి తీసి, చాలా మామూలుగా అడిగాను.

"వదినా, కొస పడతావా? సభకి ఒక మాట ఉంది."

సభ రోజు తర్వాత నేను ఆవిడతో మాట్లాడిన మొదటి వాక్యం. ఆవిడ ముఖం ఎంతగా వికసించిందంటే నేను చూపు తిప్పుకోవాల్సి వచ్చింది. గబగబా చేతులు తుడుచుకుని వచ్చింది. కొస దాకా చెయ్యి చాపింది. చాపి, ఆగింది. ఆ వికసించింది మెల్లగా ముడుచుకుంది.

"ఏ పని గురించి? ముందు అది చెప్పు."

"పేర్లు ఎత్తకూడదు కదా వదినా. నియమం."

"నేను పేరు అడగట్లేదు. ఒక ఉదాహరణ చెప్పు."

ఎన్ని జోకులు తెలుసు నాకు. ఒక్కటీ రాలేదు. ఆరో తేదీన నేను అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. అది అడిగి ఉంటే ఆవిడ నాడాల సంగతి చెప్పేదేమో. చెప్పేదో లేదో ఇక నాకు ఎప్పటికీ తెలియదు.

నేను చెప్పనని అర్థమయ్యాక, ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని, సంచి భుజాన వేసుకుంది.

"ఇంటికి వస్తావుగా?" అంది గుమ్మం దగ్గర.

"వస్తాను. నువ్వు నడు."

దుప్పటి నా చేతుల్లోనే ఉంది. ఇద్దరు పట్టాల్సింది. గోడకి ఒక మేకు కనిపించింది. అవతలి కొసలు దానికి తగిలించి, ఇవతలివి నేను పట్టుకుని, నడుస్తూ ప్రతిపాదన మొత్తం చెప్పాను. ఉదాహరణ దగ్గర ఆగి, మళ్లీ మొదటి నుంచి చెప్పాను. మళ్లీ అక్కడే ఆగాను.

మేకు అభ్యంతరం చెప్పలేదు. మడత మాత్రం వంకరగా వచ్చింది.